వింతగుట్ట కంపెనీ: రాగి గని నుంచి స్టెయిన్‌లెస్ స్టీలు దాకా

యాభై, అరవై ఏళ్ల కిందట తెలుగు ఇళ్లలో ఒక మార్పు మొదలైంది. అటకల మీది రాగి బిందెలు, ఇత్తడి గంగాళాలు ఒక్కొక్కటే కిందికి దిగి తూకానికి వెళ్లాయి. వాటి స్థానంలో స్టీలు సామాన్లు వచ్చాయి. చింతపండు పెట్టి చేతులు పీకేలా తోమే పని తప్పింది. కళాయి వేసేవాడి కేక కోసం ఎదురుచూడాల్సిన అవసరం పోయింది. పెళ్లిలో పెట్టే బిందె మీద, కంచం అంచు మీద చుక్కలు చుక్కలుగా పేరు చెక్కించుకోవడం ఒక ముచ్చట అయింది. ఇంచుమించు అదే కాలంలో ఐరోపా ఉత్తరపు కొసన, ఫిన్లాండ్‌లో, ఒక కంపెనీ కూడా ఇదే దారి పట్టింది. రాగి గనిగా పుట్టి, రాగితోనే పేరు తెచ్చుకుని, చివరికి రాగిని పూర్తిగా వదిలేసి స్టెయిన్‌లెస్ స్టీలు కంపెనీగా మారింది. దాని పేరు ఔటోకుంపు. ఇవాళ ఐరోపాలో ఈ ఉక్కు తయారుచేసేవాళ్లలో అదే పెద్దది. అమెరికాలోనూ ముందు వరసలో ఉంది.

ఈ కంపెనీ చరిత్రను భూగర్భ శాస్త్రవేత్తలు ఒకలా చెబుతారు. వాళ్లకది రాళ్లను చదవగలిగిన మనుషుల కథ. లోహశాస్త్రం చదువుకున్న ఇంజినీర్లు అడిగితే కరెంటు లేని రోజుల్లో కొత్త కొలిమి కనిపెట్టిన ఘనత గురించి చెబుతారు. షేర్ మార్కెట్ వైపు నుంచి రాసేవాళ్లకు అది విలీనాల చిట్టా. షెఫీల్డ్, క్రెఫెల్డ్, బోఖుమ్ లాంటి ఊళ్ల వాళ్లను అడిగితే మూతపడిన కొలిముల సంగతి వస్తుంది. ఏ ఒక్కటీ అబద్ధం కాదు. అన్నిటినీ పక్కపక్కన పెట్టి చదివితే నాకు కనిపించింది మాత్రం ఇది: ఈ కంపెనీ తన నేలలో తవ్వుకున్నదాని మీద, ఓపిగ్గా కాచుకుని నేర్చుకున్నదాని మీద నిలబడింది. బయట కొనుక్కున్నదాని దగ్గర తూలింది.

ఫిన్నిష్ భాషలో 'ఔటో' అంటే వింత, 'కుంపు' అంటే గుట్ట. వింతగుట్ట అన్నమాట. మన వైపు ఊళ్ల పేర్లు ఎరిగినవాళ్లకు ఇది పరాయి పేరుగా అనిపించదు.

1908లో తూర్పు ఫిన్లాండ్‌లో, కివిసల్మి అనే చోట, రెండు సరస్సు భాగాలను కలిపే ఇరుకు పాయను పడవల కోసం లోతు చేస్తున్నారు. అడుగున ఒక పెద్ద బండరాయి తగిలింది. పగలగొడితే లోపల పసుప్పచ్చగా మెరిసింది. అది రాగి ఖనిజం. అప్పటికి ఫిన్లాండ్ ఇంకా రష్యా జార్ ఏలుబడిలో ఉంది, కానీ దానికి సొంత భూగర్భ పరిశోధన సంస్థ ఉంది. రాతి ముక్క అక్కడికి చేరింది. ఒట్టో ట్రూస్టెడ్ట్ అనే ఇంజినీరు దాని వెంట పడ్డాడు. వేల ఏళ్ల కిందట ఆ దేశాన్నంతా కప్పిన మంచుపలక వాయవ్యం నుంచి ఆగ్నేయానికి జరుగుతూ, దారిలో కొండల నుంచి రాళ్లు పీకి మోసుకొచ్చి పారేసింది. కాబట్టి రాయి దొరికిన చోట గని ఉండదు. మంచు వచ్చిన దారిన వెనక్కి నడవాలి. ట్రూస్టెడ్ట్ అలాగే నడిచాడు. పొలాల్లో, అడవుల్లో చెల్లాచెదురుగా పడ్డ అలాంటి రాళ్లనే ఆనవాలు పట్టుకుంటూ దాదాపు యాభై కిలోమీటర్లు వెనక్కి వెళ్లి, కూస్‌యార్వి అనే పల్లెలో ఒక గుట్ట దగ్గర ఆగాడు. 1910 మార్చిలో అక్కడ బోరు వేస్తే ఖనిజం తగిలింది. ఆ గుట్ట పేరే ఔటోకుంపు.

ఆ ఖనిజం భూమిలో పరిచిన బెల్టులా ఉంది. పొడవు నాలుగు కిలోమీటర్లు, వెడల్పు కొన్ని వందల మీటర్లు, మందం చూస్తే పది మీటర్లకు అటూఇటూ. ఈ రకం నిక్షేపాలన్నిటినీ భూగర్భ శాస్త్రం ఇప్పటికీ ఈ గుట్ట పేరుతోనే పిలుస్తుంది.

ఈ గని గురించి చదువుతున్నప్పుడు నన్ను అన్నిటికంటే ఎక్కువ పట్టి ఆపిన సంగతి రాగిది కాదు. 1958లో ఈ గని రాళ్లలో ముదురు ఆకుపచ్చ స్ఫటికాలు కనిపించాయి. అంతవరకు ప్రపంచంలో ఎవరూ నమోదు చేయని ఖనిజం అది. ఫిన్లాండ్ గర్వించే భూగర్భ శాస్త్రవేత్త పెంట్టి ఎస్కోలా పేరు మీద దానికి ఎస్కోలైట్ అని పేరు పెట్టారు. అది క్రోమియం ఆక్సైడ్. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టకుండా దాని ఒంటిని కాపాడే పొరలో ముఖ్యమైనది కూడా క్రోమియం ఆక్సైడే. రాగి కోసం తవ్విన గుట్ట గుండెలో కంపెనీ రేపటి బతుకు అప్పటికే ఉందని చెప్పాలని నాకు గట్టిగా అనిపిస్తుంది. శాస్త్రం ప్రకారం అది సరికాదు. ఎస్కోలైట్‌ను ఎవరూ ఉక్కు కోసం తవ్వలేదు. అయినా ఆ మాటను మనసు వదలదు.

మొదట్లో గనిలో ప్రభుత్వానికీ హాక్‌మన్ అనే వ్యాపార సంస్థకీ వాటాలుండేవి. కొత్తగా స్వతంత్రం వచ్చిన దేశం 1924లో మొత్తం తన చేతిలోకి తీసుకుంది. 1932లో అది ప్రభుత్వం సొంతదారుగా ఉన్న కంపెనీ అయింది. ఈరో మేకినెన్ అనే భూగర్భ శాస్త్రవేత్త 1953లో చనిపోయేదాకా మూడు దశాబ్దాలు దాన్ని నడిపాడు. ముడి ఖనిజం అమ్ముకుంటే దేశానికి మిగిలేది గొయ్యి మాత్రమేనని, లోహం దాకా అంతా ఇక్కడే చెయ్యాలని ఆయన పట్టుబట్టాడు. 1936లో ఇమాత్రా దగ్గర కరెంటుతో నడిచే రాగి కొలిమి పెట్టారు. పక్కనే జలపాతం, కావలసినంత విద్యుత్తు. కానీ ఇమాత్రా సోవియట్ సరిహద్దుకు కూతవేటు దూరం. యుద్ధం ముదిరాక, 1944-45లో, ఆ కొలిమిని దేశం పడమటి వైపు హర్యవల్టాకు తరలించారు.

యుద్ధం ముగిసేసరికి ఫిన్లాండ్ కరేలియా ప్రాంతాన్ని, అందులోని జలవిద్యుత్ కేంద్రాలను సోవియట్ యూనియన్‌కు పోగొట్టుకుంది. దానికి తోడు 30 కోట్ల డాలర్ల యుద్ధ పరిహారం వస్తువుల రూపంలో చెల్లించాలి. కొలిమికి కరెంటు లేదు. బొగ్గు దేశంలోనే లేదు. ఈ ఇరకాటంలో పెట్రి బ్రూక్, యోన్ రూసెలిన్ తదితర ఇంజినీర్లు వేసుకున్న ప్రశ్న చాలా మామూలుది. రాగి ఖనిజంలో గంధకం ఉంది, ఇనుము ఉంది, రెండూ మండుతాయి. అలాంటప్పుడు వేడి బయటి నుంచి ఎందుకు తేవాలి?

ఊరేగింపులో దివిటీ మీద గుగ్గిలం పొడి చల్లితే ఎలా భగ్గుమంటుందో చూసినవాళ్లకు హర్యవల్టా కొలిమి ఎలా పనిచేస్తుందో వేరే చెప్పనక్కర్లేదు. ఎండబెట్టిన మెత్తటి ఖనిజపు పొడిని వేడి గాలితో కలిపి పైనుంచి కిందికి చిమ్ముతారు. ప్రతి రేణువూ గాల్లో ఉండగానే అంటుకుని, తన వేడితో తానే కరిగి, చుక్కలుగా అడుగున పడుతుంది. ఒక్క కిటుకుతో ఇంధనం ఖర్చు పడిపోయింది. వచ్చే గంధకపు వాయువు చిక్కగా ఉండడంతో దాన్ని పట్టి సల్ఫ్యూరిక్ ఆమ్లం చేయడమూ తేలికైంది. 1949లో హర్యవల్టాలో ఈ ఫ్లాష్ కొలిమి వెలిగింది. 1950లలోనే జపాన్ ఈ పద్ధతికి లైసెన్సు తీసుకుంది. తర్వాత అది ఖండాలన్నీ తిరిగింది. మన దేశంలో జార్ఖండ్‌లోని ఘాట్‌శిలలో హిందుస్థాన్ కాపర్ నడిపిన రాగి కొలిమి ఈ రకానిదే. లేమి నుంచి పుట్టిన ఒక ఆలోచన యాభై ఏళ్లపాటు రాగి ప్రపంచాన్ని ఏలింది. దీన్ని కనిపెట్టిన కంపెనీ తర్వాత దీన్ని ఏం చేసుకుందో చెప్పుకునేటప్పుడు నాకు కొంత బాధ కలుగుతుంది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

స్టెయిన్‌లెస్ స్టీలు పుట్టింది ఫిన్లాండ్‌లో కాదు. అది పుట్టినప్పుడు ఔటోకుంపు వాళ్లు ఇంకా గుట్టలో మొదటి గొయ్యి తవ్వుతున్నారు. కనిపెట్టింది ఎవరు అనే వాదం ఇంగ్లండ్, జర్మనీల మధ్య ఇప్పటికీ పూర్తిగా తేలలేదు. 1912లో జర్మనీలోని ఎస్సెన్‌లో క్రుప్ కంపెనీ వాళ్లు క్రోమియం, నికెల్ కలిపిన ఉక్కుకు పేటెంటు అడిగారు. అందులో బెన్నో స్ట్రాస్, ఎడ్వర్డ్ మౌరర్ పనిచేశారు. 1913 ఆగస్టులో ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్‌లో హ్యారీ బ్రేర్లీ తుపాకీ గొట్టాలు లోపల అరిగిపోకుండా ఉండే ఉక్కు కోసం వెతుకుతూ 13 శాతానికి కాస్త తక్కువ క్రోమియంతో ఒక ఉక్కు పోయించాడు. ఉక్కు లోపలి అల్లిక చూడాలంటే ముందు ఆమ్లంతో కొంచెం తినిపించాలి. ఈ ఉక్కును ఆమ్లం సరిగా తినలేదు. వినిగర్, నిమ్మరసం దాన్ని అసలు ముట్టుకోలేదు. బ్రేర్లీ పుట్టింది కత్తులు, చాకులు చేసే ఊళ్లో. కాబట్టి అతని బుర్ర తుపాకీని వదిలేసి నేరుగా వంటింటి చాకు మీదికి వెళ్లింది. జర్మన్లు సిద్ధాంతంలో ముందు, ఇంగ్లిష్ వాళ్లు సంతలో ముందు. నా లెక్కలో ఇద్దరికీ చెరి సగం ఇవ్వడమే న్యాయం. మన కంచాలు, గ్లాసులు చాలావరకు క్రుప్ వాళ్ల దారిలో వచ్చినవి, చాకు అంచు బ్రేర్లీ దారిలోది.

మూడో పురిటిగడ్డ స్వీడన్‌లోని అవెస్టా. 1920ల నుంచి అక్కడ స్టెయిన్‌లెస్ పోస్తున్నారు. కాగితపు గుజ్జు ఉడికించే సల్ఫైట్ ద్రవం మామూలు లోహాలను తినేస్తుంటే, 1930 ప్రాంతంలో అవెస్టా వాళ్లు రెండు రకాల అల్లిక కలిసిన డ్యూప్లెక్స్ ఉక్కు తయారుచేశారు. ఇవాళ సముద్రపు నీటిని మంచినీరు చేసే ప్లాంట్లలో, వంతెనల్లో వాడేవి దాని మనవలు, మునిమనవలు.

ఈ ఉక్కులన్నిటికీ ఉమ్మడి లక్షణం క్రోమియం. కనీసం పదిన్నర శాతం ఉంటే చాలు, ఉక్కు పైన గాలి తగిలిన మరుక్షణం క్రోమియం ఆక్సైడ్ పొర ఏర్పడుతుంది. దాని మందం కొన్ని నానోమీటర్లే, కంటికి కనపడదు. గిన్నెను పీచుతో ఎంత రుద్దినా, గరిటెతో గీకినా, గీత పడ్డ చోట మళ్లీ తనంతట తనే పుడుతుంది. కళాయి పోతే మళ్లీ వేయించుకోవాలి. ఈ పొరకు ఆ అవసరం లేదు, అది పోయిన చోటే పుట్టుకొస్తూ ఉంటుంది.

1959లో ఫిన్లాండ్ ఉత్తరాన, బోత్నియా అఖాతం ఒడ్డున, కెమి పట్టణం దగ్గర మంచినీటి కాలువ తవ్వుతున్నారు. మార్టి మాటిలైనెన్ అనే స్థానిక డైవర్ ఆ పనుల్లో ఉండగా మామూలు రాళ్ల కంటే నల్లగా, బరువుగా ఉన్న రాళ్లు దొరికాయి. ఆయన వాటిని పారేయకుండా పరీక్షకు పంపించాడు. అది క్రోమైట్. గమనించండి, కివిసల్మిలో రాగి, కెమిలో క్రోమియం, రెండూ నీటి దారులు తవ్వుతుంటే దొరికాయి. రెండుసార్లూ పని చేసేవాళ్లలో ఒకరు రాయిని రాయి అని వదిలెయ్యలేదు. రాళ్లను పరీక్షకు పంపడం ఆ దేశంలో మామూలు జనానికి కూడా అలవాటు. భూగర్భ శాస్త్రవేత్తలు చెప్పే కథలో నాకు బాగా నచ్చే భాగం ఇదే. దీన్ని అదృష్టం అని కొట్టిపారెయ్యడం తప్పు.

కానీ కెమి ఖనిజం నాసిరకం. క్రోమియం తక్కువ, ఇనుము ఎక్కువ. దక్షిణాఫ్రికా, టర్కీ ఖనిజాలకు అలవాటుపడ్డ కొలిముల వాళ్లు దాని వైపు చూడనైనా చూడరు. పొడిగా విరిగిపోయే ఆ ఖనిజాన్ని ఉండలు కట్టి, కాల్చి, మూసిన విద్యుత్ కొలిమిలో కరిగించే పద్ధతిని కంపెనీ తనే తయారుచేసుకోవలసి వచ్చింది. దానికి దాదాపు పదేళ్లు పట్టింది. 1968లో పక్కనే టోర్నియోలో ఫెర్రోక్రోమ్ కొలిమి మొదలైంది. ఫెర్రోక్రోమ్ అంటే ఇనుము, క్రోమియం కలిసిన మిశ్రమం. స్టెయిన్‌లెస్ వండేవాళ్లకు అదే అసలు దినుసు. మన విజయనగరం జిల్లా కొత్తవలసలో జిందాల్ కంపెనీ కొలిములు పెట్టింది దీని తయారీకే.

దినుసు చేతిలో ఉండగా వంట కూడా మనమే ఎందుకు చెయ్యకూడదని తర్వాతి ప్రశ్న. లెక్కలు వేసుకున్న బ్యాంకు ఏదీ దీనికి ఔనని ఉండేది కాదు. టోర్నియో ఆర్కిటిక్ వలయానికి కాస్త దిగువన, స్వీడన్ సరిహద్దు నది ఒడ్డున ఉంది. చలికాలంలో సముద్రం గడ్డకడుతుంది. కొనేవాళ్లు వేల కిలోమీటర్ల దూరంలో, జర్మనీలో, ఇటలీలో ఉన్నారు. ఇవతల ఉత్తర ఫిన్లాండ్ పల్లెలు ఖాళీ అవుతున్నాయి. 1969, 70 సంవత్సరాల్లో జనం పనులు వెతుక్కుంటూ మూటాముల్లే సర్దుకుని స్వీడన్ కార్ల ఫ్యాక్టరీలకు వెళ్లిపోతున్నారు. ప్రభుత్వం సొంతదారు కాబట్టి కొత్త ఉక్కు కర్మాగారాన్ని లాభనష్టాల పట్టికతో పాటు ఈ వలసను కూడా ముందు పెట్టుకుని చూసింది. 1976లో టోర్నియోలో మొదటి స్టెయిన్‌లెస్ స్టీలు తయారైంది. ప్రభుత్వ కంపెనీ అంటే బద్ధకం, నష్టం అని గుడ్డిగా రాసేసే చరిత్రకారులకు టోర్నియో గట్టి జవాబు. ఇరవై ఏళ్లు కాచుకునే సొంతదారు లేకపోతే ఈ కర్మాగారం లేదు.

టోర్నియో బలమంతా దూరాలు తగ్గించడంలో ఉంది. గని నుంచి కర్మాగారానికి సుమారు పాతిక, ముప్పై కిలోమీటర్లు. కర్మాగారం లోపల ఫెర్రోక్రోమ్‌ను చల్లార్చి, ముక్కలు చేసి, మళ్లీ కరిగించే పని లేకుండా, కాగుతున్న ద్రవాన్నే పెద్ద కుండలో పక్క షెడ్డులోని ఉక్కు కొలిమికి మోసుకెళ్తారు. పొయ్యి మీద మరుగుతున్న ఎసట్లోనే బియ్యం పోసినట్టు. ఫెర్రోక్రోమ్ కొలిమి నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్ వాయువును బయటికి వదిలెయ్యకుండా ఇంధనంగా మండిస్తారు. అప్పటికి అమెరికాలో ఆర్గాన్ వాయువును ఆక్సిజన్‌తో కలిపి ఊది, క్రోమియం కాలిపోకుండా కార్బన్‌ను మాత్రం తీసేసే పద్ధతి వచ్చింది. 1968లో మొదలైన ఆ పద్ధతితో చవకైన, కార్బన్ ఎక్కువున్న ఫెర్రోక్రోమ్ కూడా పనికొచ్చింది. కెమి లాంటి గనికి అది కలిసొచ్చిన కాలం.

ఇక్కడ ఒక మాట చెప్పాలి, మన బజార్లకు పనికొచ్చేది. స్టీలు సామాన్ల కొట్లో చాలామంది అయస్కాంతం జేబులో పెట్టుకుని వెళ్తారు. అంటుకుంటే కల్తీ అని పక్కన పెట్టేస్తారు. అది సరైన పరీక్ష కాదు. నికెల్ కలిపిన రకం అయస్కాంతానికి అంటుకోదు. క్రోమియం మాత్రమే ఉన్న ఫెర్రిటిక్ రకం అంటుకుంటుంది. రెండూ స్టెయిన్‌లెస్సే. పైగా నికెల్ తగ్గించి మాంగనీసు కలిపిన చవక రకాలు అయస్కాంతానికి అంటుకోకుండానే, ఉప్పుకు, పులుపుకు త్వరగా లొంగిపోతాయి. నికెల్ ధర అంతర్జాతీయ మార్కెట్లో తారాజువ్వలా లేస్తుంది, పడుతుంది. క్రోమియం మాత్రమే వాడే రకాలకు సొంత గని ఉన్నవాడికి ఉండే నిబ్బరం వేరు.

ఇక విలీనాల సంగతి. ఈ భాగాన్ని వేగంగా దాటుతాను, ఎందుకంటే ఇందులో తేదీలు ఎక్కువ, లోహం తక్కువ.

1988లో కంపెనీ షేర్లు హెల్సింకి స్టాక్ ఎక్స్ఛేంజ్‌లో చేరాయి. మరుసటి ఏడాది, 1989లో, ఔటోకుంపులోని కెరెట్టి గని మూతపడింది. దానితో పేరుకు మూలమైన ఊళ్లో కంపెనీ రాగి తవ్వడం ఆగిపోయింది. స్వీడన్‌లో అవెస్టా, ఇంగ్లండ్‌లో బ్రిటిష్ స్టీలు వాళ్ల స్టెయిన్‌లెస్ విభాగం 1992లో కలిసి అవెస్టా షెఫీల్డ్ అయ్యాయి. 2001లో అది ఔటోకుంపు ఉక్కు విభాగంతో కలిసి అవెస్టాపొలారిట్ అయింది. 2002లో ఔటోకుంపు దాన్ని పూర్తిగా కొనేసింది. రాగి నుంచి స్టీలుకు తిరగాలన్న నిర్ణయం అక్కడితో ఖాయమైంది. తర్వాత అమ్మకాలు మొదలయ్యాయి. 2003 చివర్లో హర్యవల్టా రాగి కొలిమి, జింకు వ్యాపారం స్వీడన్‌కు చెందిన బోలిడెన్‌కు వెళ్లాయి. 2005లో రాగి వస్తువుల తయారీ పోయింది. 2006లో సాంకేతిక విభాగం ఔటోటెక్ అనే వేరే కంపెనీగా విడిపోయింది. ఫ్లాష్ కొలిమి జ్ఞానమంతా దానితో వెళ్లిపోయింది. ఇప్పుడది మెట్సో కంపెనీలో భాగం.

నాకు బాధ అని ముందే రాసింది ఈ సంగతి గురించే. అమ్మినవాళ్ల లెక్కలో తప్పు చూపించలేం. ఒకే పని మీద దృష్టి పెట్టాలన్న మాట అప్పట్లో అన్ని బోర్డు రూముల్లోనూ వినిపించేది. కానీ కరెంటు లేని రోజుల్లో దేశం ఆకలిని తీర్చిన జ్ఞానం అది. ఏ గనికీ, ఏ ధరకూ కట్టుబడకుండా ఏటా లైసెన్సుల సొమ్ము తెచ్చేది కూడా. స్టీలు ధరలు పడిపోయిన ఏళ్లలో అది ఇంట్లోనే ఉండి ఉంటే ఎంత ఆదుకునేదో అనిపించకుండా ఉండదు.

2012 ఆఖరి రోజుల్లో ఔటోకుంపు తన కంటే పెద్దదాన్ని మింగబోయింది. జర్మనీకి చెందిన థిసెన్‌క్రుప్ తన స్టెయిన్‌లెస్ విభాగాన్ని ఇనాక్సమ్ అనే పేరుతో విడదీసి, సుమారు 270 కోట్ల యూరోల విలువకు అమ్మింది. బదులుగా డబ్బుతో పాటు ఔటోకుంపులో 29.9 శాతం వాటా తీసుకుంది. దీనితో క్రుప్ వాళ్ల వారసత్వం, 1930లో న్యూయార్క్ క్రైస్లర్ భవనం శిఖరానికి మెరుపు తెచ్చిన నిరోస్టా ఉక్కు పేరు, ఫిన్లాండ్ కంపెనీ కిందికి వచ్చాయి. షెఫీల్డ్, అవెస్టా అప్పటికే దాని చేతిలో ఉన్నాయి. స్టెయిన్‌లెస్ పుట్టిన మూడు ఊళ్ల వంశాలు ఒకే ఇంటికి చేరాయి. పుట్టినప్పుడు రాగి గుట్టగా ఉన్న కంపెనీకి ఇంత పెద్ద వంశవృక్షం దక్కడం చరిత్రలో అపురూపమే. కాగితం మీద చూస్తే పండగ.

ఇల్లు అలకగానే పండగ కాదని మన వాళ్లు ఊరికే అనలేదు. పోటీ తగ్గిపోతుందని ఐరోపా కమిషన్ షరతు పెట్టింది. ఇటలీలోని టెర్ని కర్మాగారాన్ని అమ్మాలి అంది. అమెరికాలో అలబామా రాష్ట్రంలోని కాల్వర్ట్‌లో సరికొత్త కర్మాగారం చేతికి వచ్చింది కానీ, దాన్ని పూర్తిస్థాయిలో నడిపేసరికి డబ్బు నీళ్లలా ఖర్చయింది. స్టీలు ధరలు అదే సమయంలో దిగజారాయి. 2013 ఒక్క ఏడాదిలోనే నష్టం దాదాపు వంద కోట్ల యూరోలు. 2014 మొదట్లో టెర్ని, వీడీఎం మిశ్రమ లోహాల విభాగం మళ్లీ థిసెన్‌క్రుప్‌కే వెళ్లాయి, థిసెన్‌క్రుప్ తన వాటా వదులుకుంది. వాటాదార్ల దగ్గర మళ్లీ సుమారు 65 కోట్ల యూరోలు పోగుచేయాల్సి వచ్చింది. పద్నాలుగు నెలల్లో ఒక పెళ్లి, సగం విడాకులు అయిపోయాయి.

దీనికి మూల్యం చెల్లించినవాళ్లు వేరే. జర్మనీలోని క్రెఫెల్డ్‌లో ఉక్కు కొలిమి 2013 చివర ఆరిపోయింది. బోఖుమ్‌లో 2015లో ఆరిపోయింది. రూర్ లోయలో తాత, తండ్రి, కొడుకు ఒకే గేటులోంచి పనికి వెళ్లిన కుటుంబాలున్నాయి. బోఖుమ్ కొలిమికి ఇంకా కొన్నాళ్లు గడువుందని ముందు చెప్పి, తర్వాత తొందరగా మూసేశారు. ఐరోపాలో అవసరాన్ని మించి కొలిములున్నాయి, ఎక్కడో ఒకచోట మూయక తప్పదన్న వాదన నిజమే. ఏది మూయాలన్నప్పుడు మాత్రం చివరికి తేల్చింది ఒకటే: పక్కన క్రోమియం గని ఉన్న కొలిమి ఉంటుంది, లేనిది పోతుంది. టోర్నియో మిగిలింది. 1976లో మంచు ప్రాంతంలో మొదలైన కర్మాగారమే చివరికి కంపెనీకి వెన్నెముక అయింది.

ఇలా రాస్తే మిగతా శాఖలన్నీ దండగ అని అర్థం వస్తుంది. అది అన్యాయం. కాల్వర్ట్ ఆలస్యంగానైనా నిలదొక్కుకుని, తర్వాతి ఏళ్లలో కంపెనీ సంపాదనలో బలమైన భాగమైంది. అవెస్టా వాళ్ల డ్యూప్లెక్స్ జ్ఞానం, ప్రత్యేక ఉక్కుల పనితనం ఇవాళ్టికీ ఉత్తమ శ్రేణిలో ఉన్నాయి. ఆ జ్ఞానాన్ని కొనడం వేరు, అప్పుల మీద టన్నులు కొనడం వేరు. 2001 నాటి కలయిక మొదటి రకం. 2012 నాటిది రెండో రకం. రెండిటినీ ఒకే గాటన కట్టే వ్యాసాలతో నాకు పేచీ అక్కడే.

2023 జనవరిలో ఇంకో అమ్మకం జరిగింది. కడ్డీలు, తీగ తయారుచేసే విభాగం ఇటలీకి చెందిన మార్చెగాలియా కంపెనీకి వెళ్లింది. అందులో షెఫీల్డ్ ఉక్కు కొలిమి కూడా ఉంది. బ్రేర్లీ ఊరితో ఔటోకుంపుకున్న ఉక్కు బంధం అలా తెగింది.

ఇక ప్రపంచం వైపు చూస్తే దిగులు కలిగించే లెక్క ఒకటి ఉంది. ప్రపంచంలో తయారయ్యే స్టెయిన్‌లెస్ స్టీలులో సగానికి పైగా చైనాదే. చైనా కంపెనీ చింగ్‌షాన్ ఇండొనేషియాలోని సులవేసి దీవిలో నికెల్ మట్టి పక్కనే కొలిములు, స్టీలు కర్మాగారాలు కట్టింది. గని పక్కనే కర్మాగారం, వేడి ద్రవం అలాగే పక్క షెడ్డులోకి. ఇది టోర్నియో సూత్రమే, ఇంకా పెద్దది చేసి, బొగ్గు కరెంటుతో నడిపినది. ఐరోపా వాళ్లు దిగుమతి సుంకాలతో, కోటాలతో అడ్డుకట్ట వేస్తున్నారు. ఔటోకుంపు జవాబు తుక్కు. తన ముడిసరుకులో తొంభై శాతం పైనే పాత లోహం, పునర్వినియోగ సరుకని కంపెనీ లెక్క చెబుతుంది. మన వీధిలో పాత సామాన్లవాడు తూకం వేసి పట్టుకెళ్లే చిల్లుపడ్డ స్టీలు బకెట్‌కు ఉన్న విలువ కూడా ఇదే. అందులో క్రోమియం, నికెల్ చెక్కుచెదరకుండా ఉంటాయి. మళ్లీ తవ్వాల్సిన పని లేదు, మళ్లీ కరిగిస్తే చాలు.

కరిగించడానికి కరెంటు కావాలి. 1945 నాటి బెంగ ఇక్కడ మళ్లీ తలెత్తింది. సొంత కరెంటు కోసం ఔటోకుంపు, రష్యా సాంకేతికతతో ఉత్తర ఫిన్లాండ్‌లో కట్టాలనుకున్న హన్హికివి అణు విద్యుత్ కేంద్రంలో వాటా పెట్టింది. ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలయ్యాక, 2022 మే నెలలో, ఆ ఒప్పందం రద్దయింది. పెట్టిన డబ్బు చిక్కుల్లో పడింది. సరిహద్దు అవతలి దేశం వల్ల కరెంటు చేజారడం ఈ కంపెనీకి ఇది రెండోసారి.

కెమిలో మాత్రం పని కిందికి సాగుతోంది. పైనుంచి తవ్విన గొయ్యి పని ఆగిపోయి, చాలా ఏళ్లుగా భూగర్భంలోనే తవ్వుతున్నారు. ఐరోపా యూనియన్‌లో క్రోమియం తీస్తున్న గని ఇదొక్కటే. 2017లో కంపెనీ గనిని అయిదు వందల మీటర్ల నుంచి వెయ్యి మీటర్ల లోతుకు దించాలని నిర్ణయించింది. అప్పులు ఇంకా పూర్తిగా తీరని రోజుల్లో తీసుకున్న నిర్ణయం అది. అక్కడికి దాదాపు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో, కూస్‌యార్వి పల్లె ఇప్పుడు ఔటోకుంపు అనే పట్టణం. పాత గని ఆవరణ మ్యూజియం అయింది. మాటిలైనెన్ పరీక్షకు పంపిన నల్లరాళ్ల కింద, కెమిలో, వెయ్యి మీటర్ల దిగువన క్రోమైట్ ఇంకా ఉంది.